సిఫ్నోస్ దీవిలో నాలుగు రోజులు: మాంసం తినని అమ్మకు అక్కడి అసలు వంట దొరుకుతుందా?

తెరచాప (ప్రశ్న):
సెప్టెంబరులో అమ్మా నేనూ గ్రీసు వెళ్తున్నాం. ఏథెన్స్ చూశాక సోమవారం పిరయస్ రేవులో ఓడ ఎక్కి సిఫ్నోస్ చేరి, శుక్రవారం ఉదయం తిరిగి రావాలని ఆలోచన. టికెట్లు ఇంకా కొనలేదు. అమ్మ మాంసం, చేపలు ముట్టదు. పాలు, చీజ్ తింటుంది. నేను అన్నీ తింటాను. ఎక్కడైనా దొరికే సలాడ్లు కాకుండా, ఆ దీవివాళ్లు తరతరాలుగా వండుకుంటున్నది ఇద్దరం ఒకే బల్ల దగ్గర తినాలని నా కోరిక. వెళ్లి వచ్చినవాళ్లు చెప్పండి.

మట్టికుండ:
టికెట్లు కొనకపోవడమే మంచిదైంది. దయచేసి రోజులు మార్చుకోండి. మీ నాలుగు రోజుల్లో శనివారం రాత్రి, ఆదివారం తప్పకుండా ఉండాలి.

ఏథెన్స్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో నేను నాలుగుసార్లు సిఫ్నోస్ వెళ్లాను. మొదటిసారి మీలాగే వారం మధ్యలో వెళ్లి, అక్కడి ఆదివారపు వంట రెవిథాద తినకుండానే తిరిగొచ్చాను. అందులో ఉండేవి తెల్ల సెనగలు, ఉల్లిపాయలు, ఆలివ్ నూనె, బే ఆకు, నీళ్లు, ఉప్పు. అంతే. స్కెపస్తారియా అనే మూత కుండలో వాటిని నింపి శనివారం సాయంత్రం కట్టెల బట్టీలో పెడతారు. రాత్రంతా ఆరిపోతున్న వేడిలో మగ్గి, ఆదివారం చర్చి నుంచి జనం వచ్చేసరికి సిద్ధంగా ఉంటుంది. వాననీటితో వండితేనే రుచి అని అక్కడి పెద్దలంటారు. అది వట్టి నమ్మకం కాదు. సున్నం ఎక్కువున్న నీటిలో సెనగలు త్వరగా మెత్తబడవు.

రెండోసారి ఆదివారం ఆ దీవిలోని అర్తెమోనాస్ ఊళ్లో తిన్నాను. గింజ చెంచాలో విరగకుండా నిలిచింది, నాలుకకు తగలగానే వెన్నలా విడిపోయింది. ఉల్లిపాయ ముక్క ఒక్కటీ కనిపించలేదు, అంతా కరిగి పులుసు చిక్కబడింది. నిమ్మకాయ పిండుకుని, రొట్టెతో గిన్నె అడుగు వరకు తుడుచుకు తిన్నాను. అమ్మగారికి ఇంతకంటే మంచి భోజనం ఆ దీవిలో లేదని నా గట్టి నమ్మకం. ఏ తవెర్నాలో (చిన్న భోజనశాలలో) తినాలనుకున్నా శనివారమే చెప్పి ఉంచండి.

మిగతా రోజులకు రెవిథోకెఫ్తెదెస్ ఉన్నాయి. సెనగలు రుబ్బి వేయించే వడలవి. కాపరోసలాతా కూడా అడగండి. రాతిగోడల సందుల్లో పెరిగే కేపర్ మొగ్గలను ఎండబెట్టి, ఉల్లిపాయలతో మెత్తగా ఉడికిస్తారు. తీపికి మెలోపితా, అంటే తాజా మిజిథ్రా చీజ్, తేనె కలిపి కాల్చేది.

నీలికిటికీ:
పై మాటలన్నిటితో ఏకీభవిస్తూ రెండు జాగ్రత్తలు. దీవి చీజ్ మనూరాను వైన్ మడ్డిలో ఊరబెడతారు, ఘాటుగా బాగుంటుంది. అయితే గ్రీసులో సంప్రదాయ చీజ్‌ల కోసం పాలు విరగ్గొట్టడానికి సాధారణంగా జంతువుల పొట్టనుంచి తీసిన రెన్నెట్ వాడతారు. అమ్మగారికి అది పట్టింపైతే ముందే అడగండి.

రెండోది, ‘నిస్తీసిమో’ అనే మాట. చర్చి ఉపవాసాలకు తగిన వంట అని అర్థం. మాంసం, గుడ్లు, పాలు ఉండవు. కానీ ఆక్టోపస్, స్క్విడ్, రొయ్యలు ఉండవచ్చు, ఉపవాసంలో వాటికి అనుమతి ఉంది. ఆ మాట ఒక్కటే నమ్ముకోకండి.

మీకోసం మస్తెలో. ద్రాక్ష కొమ్మలు పరిచిన మట్టిపాత్రలో గొర్రెపిల్ల మాంసం లేదా మేకమాంసం, సోయకూర, ఎర్ర వైన్ వేసి కాలుస్తారు. ఈస్టర్ వంట అయినా హోటళ్లలో మిగతా కాలంలోనూ దొరుకుతుంది.

తెరచాప:
శుక్రవారం వెళ్లి మంగళవారం తిరిగి వచ్చేలా మార్చేశాను! అమ్మకు చదివి వినిపిస్తే, ఆ కుండ ఒకటి కొనగలమా అని అడుగుతోంది.

మట్టికుండ:
తప్పకుండా కొనండి. సిఫ్నోస్ వంటకు ప్రాణం ఆ మట్టే. నిప్పుకు తట్టుకునే మట్టి కాబట్టే అక్కడి కుమ్మరులకు ఏజియన్ సముద్రపు దీవులంతటా పేరు. వాళ్లు వేసవుల్లో ఇతర దీవులకు వెళ్లి కుండలు చేసేవారు. ఇళ్లమీద పొగగొట్టాలు చూడండి, అవీ మట్టికుండలే. కమారెస్ రేవు దగ్గరా వాథీ తీరంలోనూ కుమ్మరుల పనిశాలలు ఉన్నాయి. వాథీకి ఒకప్పుడు పడవలోనో కాలినడకనో వెళ్లేవారు, ఇప్పుడు బస్సు వెళ్తుంది. అలంకారానికి చేసినది కాక వంటకు పనికొచ్చేదే ఇమ్మని అడగండి. మూత సరిగ్గా కూర్చుంటోందో లేదో అక్కడే తిప్పి చూడండి. విమానంలో చేతిసంచిలోనే పెట్టుకోండి, లోపల అమ్మగారి శాలువా కుక్కి.