లెఫ్లునమైడ్ ఏ ఎంజైమ్‌ని ఆపుతుంది? వాడుతున్నవాళ్లు చెప్పండి

సునీత_కర్నూలు: అమ్మకి కీళ్లవాతం. మెథోట్రెక్సేట్ పడక లెఫ్లునమైడ్ 20 రాశారు. డబ్బాలోని కాగితంలో 'డీహెచ్‌ఓడీహెచ్ ఎంజైమ్‌ని అడ్డుకుంటుంది' అని ఉంది. ఒంట్లో ఎంజైమ్‌ని ఆపేస్తే ప్రమాదం కాదా? జుట్టు ఊడుతుందా? పాలు, పెరుగు మానాలా?

రవి_వరంగల్: జుట్టు నాకు దువ్వెన నిండా వచ్చింది. అయినా ఇప్పుడు చొక్కా గుండీలు నేనే పెట్టుకుంటున్నా. జుట్టు పోతే పోనీ!

పద్మ_తణుకు: జుట్టు కాదండీ, లివర్ చూసుకోండి. మొదటి ఆరు నెలలు నెలనెలా ఎల్‌ఎఫ్‌టీ (లివర్ రక్తపరీక్ష) చేయించాలి. మాకు ఎవరూ చెప్పలేదు, మా ఆయనకి ఆ పరీక్షలో ఎస్‌జీపీటీ అనే లివర్ ఎంజైమ్ బాగా పెరిగాక తెలిసింది. ఫోలిక్ యాసిడ్ కూడా మర్చిపోవద్దు.

ఫార్మా_కిరణ్: ఫోలిక్ యాసిడ్ మెథోట్రెక్సేట్ కోసం. లెఫ్లునమైడ్ దారి వేరు. ఎం.ఫార్మసీలో నా ప్రాజెక్టే ఈ ఎంజైమ్ మీద. కణంలో డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏలకు కావాల్సిన పిరిమిడిన్ల తయారీలో ఇది నాలుగో మెట్టు, డైహైడ్రోఓరోటేట్‌ని ఓరోటేట్‌గా మారుస్తుంది. మిగతా మెట్లు కణద్రవంలో, ఇదొక్కటే మైటోకాండ్రియా లోపలి పొరలో. మామూలు కణాలు పాత పిరిమిడిన్లనే మళ్లీ వాడుకుని నెట్టుకొస్తాయి. కీళ్ల మీద పడే లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) జోరుగా విభజన చెందాలంటే కొత్తవి కావాలి, అందుకే దెబ్బ ముందు వాటికే.

పద్మ_తణుకు: ఫోలిక్ యాసిడ్ మా డాక్టరుగారే రాశారు. రోజూ రోగుల్ని చూసేది ఆయన, మీరు కాదు.

ఫార్మా_కిరణ్: రెండు మందులూ కలిపి ఇస్తున్నారేమో, చీటీ చూడండి.

పద్మ_తణుకు: అవును, మెథోట్రెక్సేట్ వారానికోసారి ఉంది. అయితే? మాత్ర మానేయమనడానికి మీరెవరు?

ఫార్మా_కిరణ్: మానేయమని ఎక్కడన్నాను? పైన మళ్లీ చదవండి!

లక్ష్మి_హైదరాబాద్: ఇక ఆపండి. పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లు ముందు ఇది వినండి. గర్భంలో ఈ మందు అస్సలు పనికిరాదు, మానేసినా రెండేళ్ల దాకా రక్తంలో ఉండిపోవచ్చు. నాకు కొలెస్టిరమైన్ పొడి తాగించి ఒంట్లోని మందుని కడిగించారు, 8 గ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు, 11 రోజులు. ఇసుక కలిపిన నీళ్లు తాగినట్టుండేది. రక్తపరీక్షలో మందు తగ్గిందని తేలాకే డాక్టరమ్మ సరేనన్నారు.

శ్రీను_బయాలజీ: మలేరియా క్రిమికి పాత పిరిమిడిన్లు వాడుకునే దారే లేదు. పూర్తిగా సొంత తయారీ మీదే బతుకుతుంది. అందుకే దాని డీహెచ్‌ఓడీహెచ్‌ని ఆపే మందుల కోసం పరిశోధన జరుగుతోంది. 1897లో రోనాల్డ్ రాస్ దోమలో ఆ క్రిమిని చూసింది మన సికింద్రాబాద్‌లోనే!

రవి_వరంగల్: అది చదువుకునేవాళ్లకి శ్రీనుగారూ, ఇక్కడ మాకు నొప్పులు. సునీతగారూ, అమ్మగారికి బీపీ కూడా చూపిస్తూ ఉండండి, ఈ మందుతో నాకు పెరిగింది.