కాలవ గట్టు సైకిల్ దారిలో తుప్పలు: మందు కొట్టాలా, కోయాలా, వేళ్లతో తీయాలా?

గట్టుదారి:
ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్ వైపు ఊళ్లలో బడికీ సంతకీ సైకిళ్లు నడిచేది ఎక్కువగా కాలవ గట్ల మీదా, డొంకదారుల్లోనూ. వానలు పడ్డ రెండు నెలలకి అవి మూసుకుపోతాయి. పైన పులికంప (లాంటానా), పక్కన సీమతుమ్మ, నీటి వైపు తూటికాడ, ఖాళీ దొరికిన చోటల్లా వయ్యారిభామ. ఏటా మూడు మాటలు వినిపిస్తాయి: గ్లైఫోసేట్ అనే కలుపు మందు కొట్టించండి, జేసీబీతో గీకించండి, మనుషుల్ని పెట్టి కోయించండి. నేను మూడోదానివైపు. అయితే ఏడాదికి రెండు దఫాలు చెయ్యాలి, పులికంపనీ తుమ్మనీ వేళ్లతో తీయాలి. ఉత్త కోతతో సరిపెడితే సీమతుమ్మ ఒక్క మోడు నుంచి నాలుగైదు కొమ్మలు వేసి అంతకుముందుకంటే దట్టంగా లేస్తుంది. మీ వాదనలు చెప్పండి.

వరిమడి:
మొదటి దఫా ఎప్పుడు? జులైలోనే కదా. అప్పుడు ఊళ్లో మనుషులందరూ ఉడుపుల్లో ఉంటారు, కూలి ఎంత ఇస్తామన్నా దొరకరు. కిలోమీటరు దారికి రెండు పక్కలా మీటరున్నర చొప్పున లెక్క వేసినా 3,000 చదరపు మీటర్లు. మందైతే లీటరు నీటికి 10 మిల్లీలీటర్లు కలిపి వీపు ట్యాంకుతో ఇద్దరు కొట్టుకుపోతారు. ఆకు నుంచి వేరు దాకా దిగుతుంది, కోతలాగా మళ్లీ చిగురు రాదు. పిల్లలు ముళ్లలో పడి వెళ్లకూడదన్నదే మనందరి కోరిక. దానికి త్వరగా అయ్యే దారిని ఎందుకు కాదనాలి?

సస్యరక్షణ:
కూలీల మాట నిజం. మందు మాట వేరు. 2022 అక్టోబరులో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం గ్లైఫోసేట్‌ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు (చీడల మందు కొట్టడానికి లైసెన్సు ఉన్నవాళ్లు) తప్ప మరెవరూ కొట్టకూడదు. ఊరి కుర్రాళ్లకి ట్యాంకు తగిలించి పంపడం చట్టానికి విరుద్ధం.

పని తీరు కూడా చూడండి. కొట్టాక కొన్ని గంటల పాటు వాన పడకూడదు, జులైలో ఆ హామీ ఎవరిస్తారు? కాలవలో ముంచిన బురద నీళ్లతో కలిపితే మందు మట్టి రేణువులకి అతుక్కుని సగం పనిచేయదు. గట్టు మీద గాలికి తుంపర పక్క మడిలో వరి మీద పడితే ఆ వరీ పోతుంది, ఎందుకంటే ఇది పచ్చగా ఉన్నదాన్నల్లా చంపే మందు. కాలవలో పడితే, మందుతో పాటు డబ్బాలో కలిపే సబ్బులాంటి పదార్థం చేపపిల్లలకీ కప్పపిల్లలకీ ప్రమాదం. ఇంత చేశాక కూడా తుమ్మ ఎండి, ముళ్లతో నిలబడే ఉంటుంది. దాన్ని కొట్టి లాగడానికి మళ్లీ మనుషులే కావాలి.

కట్టమనిషి:
గట్టుదారి గారూ, వేళ్లతో తీయాలన్నారు. డొంకదారిలో తీయండి, కాలవ గట్టు మీద మాత్రం ఆగండి. గట్టులో తుమ్మ మొదలు తవ్వితే మూరెడు గొయ్యి పడుతుంది. దాన్ని వదులు మట్టితో పూడ్చి వదిలేస్తే కాలవ నిండిన రోజున నీరు అక్కడే ఊరుతుంది. మందుతో చంపినా ఇదే సమస్య: చచ్చిన వేరు లోపల కుళ్లి, గట్టుకి అడ్డంగా సొరంగం మిగులుతుంది. గండ్లు పడే కారణాల్లో అదొకటి.

బొటనవేలి లావు దాటని మొక్కని వానాకాలంలో లాగేయవచ్చు. అంతకన్నా ముదిరినదాన్ని కాలవ ఎండిన వేసవిలోనే తీయాలి. గొయ్యిలో జానెడు జానెడు మట్టి వేసి, తడిపి, ప్రతి పొరనీ దిమ్మిసతో కొట్టాలి. నీటి వైపు వాలులో అయితే అసలు తవ్వొద్దు, నేలమట్టానికి కోస్తూ పోవడమే. ఇంకో సంగతి, గట్టు జలవనరుల శాఖది. ఒడిశాలో 2002 చట్టం కింద పాణి పంచాయత్‌లు, అంటే కాలవ నీరు వాడుకునే రైతుల సంఘాలు ఉన్నాయి. వాళ్లతో మాట్లాడకుండా గునపం దించకండి.

గట్టుదారి:
ఒప్పుకుంటాను, తుమ్మ విషయంలో మీ లెక్కే సరి. పులికంపకి మాత్రం గొయ్యి అక్కర్లేదు. కాండం వేరుగా మారే ముడి దగ్గరే దాని చిగుళ్లన్నీ పుడతాయి. ఆ ముడికి దిగువన, నేలలో 3 నుంచి 5 సెంటీమీటర్ల లోతున తల్లివేరు నరికితే తిరిగి లేవదు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో సి.ఆర్. బాబు బృందం ఈ పద్ధతిని అడవుల కోసం రూపొందించింది. గొప్పుతో అయ్యే పని. తీసిన తుప్పని తలకిందులుగా, వేరు ఆకాశానికి ఉండేలా పెట్టాలి. కొమ్మ తడి నేలకి ఆనితే అక్కడ మళ్లీ వేరు పోస్తుంది.

వయ్యారిభామ పూత రాకముందే, చేతికి తొడుగు వేసుకుని పీకాలి. వట్టి చేతులతో పీకితే దురద, పుండ్లు. పూత వచ్చాక లాగితే గింజ దారి పొడుగునా రాలుతుంది, ఒక్క మొక్కకి వేలల్లో.

రెండుచక్రాలు:
మీరందరూ మొక్క వైపు నుంచే మాట్లాడుతున్నారు. టైరు వైపు నుంచి కొన్ని.

కత్తితో ఏటవాలుగా నరికిన మోడు మేకుతో సమానం. టైరులోకీ దిగుతుంది, కాలులోకీ దిగుతుంది. మట్టానికి అడ్డంగా, బల్లపరుపుగా కోయాలి. ఇది ప్రతి దఫా చెప్పాలి, ఎందుకంటే కత్తి చేతిలో ఉన్నవాడికి ఏటవాలు దెబ్బే సులువు.

కోసిన తుమ్మ కంపని పంగలకర్రతో లాగేసి ఊరుకుంటారు. చిన్న ముళ్లు దారిలోనే మిగులుతాయి, ఎండిన కొద్దీ గట్టిపడతాయి. కోతైన రోజే, ముల్లు ఇంకా పచ్చగా ఆకుతో కనిపిస్తున్నప్పుడే దారంతా ఊడ్చాలి. పల్లేరు ఇంకా మోసం. నేలకి అంటుకుని ఉంటుంది కాబట్టి కోతకి అందదు. పసుపు పూలు కనపడగానే, కాయ ముదరకముందు తీగ మొత్తం లేపాలి.

వెడల్పుకి వస్తే, ఎదురెదురుగా రెండు సైకిళ్లు తప్పుకోవాలంటే రెండు మీటర్లు ఖాళీ ఉండాలి. నెత్తిమీద రెండున్నర. మలుపులో లోపలి పక్క ఇంకా వెడల్పుగా, మోకాలి ఎత్తుకి మించి ఏదీ లేకుండా కోయాలి. ఎదుటి మనిషి, పడుకున్న పశువు, పాము కనిపించేది అక్కడే. తిన్నటి దారిలో అంత వెడల్పు అనవసరం, ఆ శ్రమ మలుపుల మీద పెట్టండి.

పల్లిసభ:
డబ్బు ఎక్కడిదో ఎవరూ అనలేదు. ఉపాధి హామీలో పెట్టేద్దాం అనుకోకండి. 2005 చట్టం ఒకటో షెడ్యూలులోనే, గడ్డి తీయడం, గులకరాళ్లు ఏరడం లాంటి కొలతకి అందని, మళ్లీ మళ్లీ చేసే పనులు చేపట్టరాదని రాశారు. దారికి మట్టి వేసి ఎత్తు చేయడం వేరు, దానికి కొలత ఉంటుంది. కోత ఖర్చు పంచాయతీ సొంత నిధిలోంచి రావాలి, లేదా ఊరు పంచుకోవాలి.

తుమ్మ కర్ర కోసినవాళ్లకే అంటే చాలామంది ముందుకొస్తారు. అందులో ఒక చిక్కు ఉంది, దాన్ని దాచకుండా మాట్లాడుకోవాలి. వంటచెరుకు కోసం కోసేవాళ్లకి మోడు మళ్లీ చిగిర్చడమే కావాలి. అది వాళ్ల పొయ్యి. కాబట్టి వాళ్లని తప్పుపట్టి లాభం లేదు. దారి అంచు నుంచి రెండు మీటర్ల లోపు మొదలు సహా తీయాలి, ఆ బయట చిగురు మీ ఇష్టం అని పల్లిసభలో, అంటే ఊరి సభలో, తేల్చుకోవడమే నాకు న్యాయంగా తోస్తోంది.

వరిమడి:
మందు మాట వెనక్కి తీసుకుంటున్నా, గట్టు మీద వరకు. కూలీల చిక్కు అలాగే ఉంది కాబట్టి బ్రష్ కట్టర్ (చేత్తో పట్టుకుని తుప్పలు కోసే ఇంజను మిషను) అంటాను. గడ్డికి, వయ్యారిభామకి నైలాన్ తీగ. వేలి లావు కంపకి మూడు రెక్కల బ్లేడు. అంతకు మించితే రంపపు చక్రం. మణికట్టు లావు దాటితే గొడ్డలే. పులికంపని పై నుంచి కిందికి తరుగుతూ రావాలి, మొదట్లోనే మొదలు కోస్తే తీగలు గొట్టానికి చుట్టుకుంటాయి. టూ స్ట్రోక్ ఇంజనుకి నూనె పాళ్లు కంపెనీ పుస్తకంలో చూసి కలపండి: 25కి 1 అంటే లీటరు పెట్రోలుకి 40 మిల్లీలీటర్లు, 50కి 1 అంటే 20. నూనె తగ్గితే పిస్టన్ పట్టేస్తుంది. రాయి ఎగిరి కంటికి తగులుతుంది, ముఖానికి జాలీ తప్పనిసరి, చుట్టూ 15 మీటర్లలో ఎవరూ ఉండకూడదు. బడి పిల్లలు దాటే వేళల్లో ఆపేయాలి.

గట్టుదారి:
జులైలో గడ్డీ వయ్యారిభామా మిషనుతో, అక్టోబరులో పులికంప గొప్పుతో. ఇది కుదురుతుంది. అక్టోబరు తుపాన్ల నెల, 2018లో తిత్లీ తుపాను మన గజపతి జిల్లాని ఏం చేసిందో అందరికీ తెలుసు. పడిన చెట్లు ఉంటే ముందు వాటిని తీసి, తర్వాత కోత. జేసీబీ గురించి ఎవరూ మాట్లాడలేదేం?

కట్టమనిషి:
మాట్లాడాల్సిందే. జేసీబీ గడ్డితో పాటు పైమట్టినీ గీకుతుంది. దారి పక్క నేలకన్నా కిందికి దిగుతుంది, అప్పుడు వాన నీటికి అదే కాలవ. గీకిన మట్టి అంచున కుప్పగా మిగిలి నీటిని బయటికి పోనివ్వదు. బోడి నేలలో అందరికన్నా ముందు మొలిచేది వయ్యారిభామే. ఇప్పటికే గీకించి ఉంటే, అంచు కుప్పని ప్రతి పది అడుగులకీ తెగ్గొట్టి నీటికి దారి ఇవ్వండి. మీటరున్నర దారికి మధ్యలో మూడు సెంటీమీటర్ల ఎత్తు వచ్చేలా గ్రావెల్ పోసి దిమ్మిస కొట్టించండి. వాలు మీద గరిక పెళ్లలు పరచండి. మట్టి జారే చోట వట్టివేరు పిలకలు జానెడు ఎడంలో అడ్డ వరసగా, వానలు మొదలవగానే.

రెండుచక్రాలు:
వట్టివేరు వరస దారి అంచుకి మరీ దగ్గర పెట్టకండి. ఎదిగాక ఆకు మనిషెత్తు లేస్తుంది, హ్యాండిల్‌కి తగులుతుంది. వాలులో రెండడుగులు కిందికి దించి నాటండి.