అప్‌డేట్: మా ఎస్‌యూవీకి జెనాన్ లైట్ల సంగతి

రాత్రిపూట గుంటూరు నుంచి విజయవాడ వచ్చేటప్పుడు నాన్నగారికి రోడ్డు సరిగా ఆనట్లేదు, బయట దొరికే జెనాన్ కిట్ వేయించొచ్చా అని అడిగాను కదా. సలహా ఇచ్చిన అందరికీ చాలా థాంక్స్.

జెనాన్ వేయించలేదండీ. మాది రిఫ్లెక్టర్ హెడ్‌లైట్ (బల్బు వెనక అద్దంలాంటి గిన్నె వెలుగుని రోడ్డు మీదికి తిప్పే రకం), హెచ్4 అనే హాలోజన్ బల్బు. ఇందులో డిప్‌కి (కిందికి పడే లైటు), హైబీమ్‌కి వేర్వేరు ఫిలమెంట్లు ఉంటాయి, అవి ఉన్న చోటుకి తగ్గట్టే రిఫ్లెక్టర్ వంపు చేస్తారు. జెనాన్‌లో అసలు ఫిలమెంటే లేదు, రెండు ఎలక్ట్రోడ్ల మధ్య ఆర్క్ వెలుగుతుంది. 35 వాట్లకే సుమారు 3,000 ల్యూమెన్ల వెలుగు! కానీ ఈ రిఫ్లెక్టర్లో పెడితే ఆ వెలుగంతా చెదిరి ఎదుటివాళ్ళ కళ్ళల్లో కొడుతుంది. బైకు మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుని వచ్చేవాళ్ళు గుర్తొచ్చి నాకు మనసొప్పలేదు. వెలుగుని లెన్స్‌తో అదుపు చేసే ప్రొజెక్టర్లు పెట్టించాలంటే హెడ్‌లైట్ విప్పి మళ్ళీ సీల్ చేయాలి. సీల్ సరిగా పడకపోతే వానల్లో తేమ చేరుతుంది.

అందుకే ఆటోనగర్‌లో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్) వైరింగ్ చేయించాం. ఇప్పుడు బల్బులకి కరెంటు బ్యాటరీ నుంచి నేరుగా వస్తుంది, స్విచ్ రిలేని మాత్రమే నడుపుతుంది. ఇదివరకు కరెంటు స్విచ్ గుండా వచ్చేసరికి బల్బు దగ్గర వోల్టేజ్ తగ్గేది. వోల్టేజ్ కొంచెం పడిపోయినా హాలోజన్ వెలుగు బాగా తగ్గిపోతుంది, మా అసలు సమస్య అదే. బల్బులు అవే 60/55 వాట్లవి. పసుపెక్కిన హెడ్‌లైట్ కవర్లకి పాలిష్, తర్వాత బీమ్ ఎలైన్‌మెంట్ కూడా అయ్యాయి.

ఇప్పుడు డిప్‌లోనే రోడ్డు అంచు స్పష్టంగా తెలుస్తోంది. నాన్నగారు ధైర్యంగా నడుపుతున్నారు. చలికాలం మంచు మొదలయ్యేలోపు పసుపు ఫాగ్ ల్యాంపులు చూడాలి.