పెరోల్ దరఖాస్తు రెండు నెలలుగా కదలట్లేదు, ఎవరికైనా అనుభవం ఉందా?

చిన్నతమ్ముడు: మా అన్నయ్యది యావజ్జీవం, లోపల తొమ్మిదేళ్లు. అమ్మకి ఆపరేషన్ అని పెరోల్ అడిగాం. జైల్లో అడిగితే "పైకి పంపాం", పైన అడిగితే "రిపోర్టు రాలేదు" అంటున్నారు.

బావమరిది_గోపి: ఆ రిపోర్టు మీ ఏరియా పోలీస్ స్టేషన్ నుంచే రావాలి. మా బావదీ అక్కడే నలభై రోజులు పడుకుంది. ములాఖత్‌లో ఆయన ముఖం చూడలేక నేనే స్టేషన్‌కి వెళ్లా. ఫైలు రైటర్ బల్ల మీదే ఉంది, పైన టీ గ్లాసు మరక. పాత ఇంటి నంబరుకి వెళ్లి "తాళం వేసి ఉంది" అని రాసేశారు! ఆధార్, కరెంటు బిల్లు నకళ్లు ఇచ్చాక మూడో రోజుకి కదిలింది. షూరిటీలని కూడా ముందే మాట్లాడి పెట్టుకోండి.

నల్లకోటు: జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం కస్టడీలో ఉన్నవాళ్లకి లాయర్ ఉచితం, ఆదాయంతో పని లేదు. హెల్ప్‌లైన్ 15100. తేల్చకుండా నాన్చితే హైకోర్టులో రిట్ వేయొచ్చు. దరఖాస్తు నకలు, తేదీ దగ్గరుంచుకోండి.

చిన్నతమ్ముడు: బయట ఉన్న రోజులు శిక్షలో కలుస్తాయా అండీ?

నల్లకోటు: ఫర్లో (ప్రత్యేక కారణం లేకపోయినా మంచి నడవడికకి ఇచ్చే సెలవు) అయితే మామూలుగా కలుస్తాయి. పెరోల్ కలవదు. ముందస్తు విడుదలకి లోపల ఉండాల్సిన పద్నాలుగేళ్లు లెక్కేసేటప్పుడు పెరోల్ రోజులు తీసేయాలని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.

వీధరుగు: నేరం చేసినోళ్లకి ఇన్ని హక్కులా?

నల్లకోటు: శిక్ష పడినంత మాత్రాన ప్రాథమిక హక్కులన్నీ పోవని సుప్రీంకోర్టు 1974లోనే చెప్పింది. అదీ మన విశాఖ సెంట్రల్ జైలు ఖైదీల కేసులోనే.

బావమరిది_గోపి: వదిలేయండి సార్, ఆయన ప్రతి చర్చలోనూ అదే అడుగుతాడు. తమ్ముడూ, స్టేషన్‌కి వెళ్లావా?

చిన్నతమ్ముడు: ఇప్పుడే వచ్చా అన్నా. మా వీధి పేరే తప్పు రాశారు. సరిచేయించా. సంతకం పెట్టాల్సినాయన సోమవారం వస్తారట. ఆపరేషన్ గురువారం.

బావమరిది_గోపి: ఫోన్లు నమ్మొద్దు. సోమవారం పొద్దున్నే వెళ్లి అక్కడే కూర్చో.