గిటార్ రిఫ్‌ని తెలుగులో ఏమనాలి? దరువు అనొచ్చా?

నిన్న రాత్రి డీప్ పర్పుల్ అనే ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ వాళ్ళ మెషీన్ హెడ్ ఆల్బమ్ మళ్ళీ మొదట్నుంచి చివరిదాకా విన్నా, 1972లో వచ్చింది, ఏడే పాటలు, నలభై నిమిషాలు కూడా ఉండదు. మా మేనకోడలు పక్కనే కూర్చుని "అస్తమానం రిఫ్ రిఫ్ అంటావు, తెలుగులో దాన్నేమంటారు మామయ్యా" అంది. నోట్లోంచి మాట రాలేదు. అందులో స్మోక్ ఆన్ ద వాటర్ పాట మొదట్లో రిచీ బ్లాక్‌మోర్ గిటార్ మీద వాయించే, తర్వాత కూడా తిరిగి తిరిగి వచ్చే ఆ చిన్న ముక్క, గిటార్ పట్టుకున్న ప్రతి పిల్లాడూ ముందు నేర్చుకునేది, దానికి మనకో పేరుండాలి కదా. ఆర్కెస్ట్రా వాళ్ళు బిట్ అంటారు, కానీ బిట్ అంటే ఏ ముక్కైనా బిట్టే. నాకైతే దరువు అనాలనిపిస్తోంది. మీరేమంటారు?

కామెంట్: పల్లవి అంటే సరిపోతుంది కదండీ, తిరిగి తిరిగి వచ్చేదేగా.

రిప్లై: నేనూ ముందు అదే అనుకున్నానండీ. కానీ పల్లవికి సాహిత్యం ఉంటుంది, రిఫ్‌కి మాటల్లేవు, పైగా పాడేవాడు పాడుతుంటే కింద కూడా నడుస్తుంది. సంగతి అందామంటే అది పూర్తిగా ఎదురు, సంగతుల్లో ఒకే లైన్‌ని మార్చి మార్చి పాడతారు, రిఫ్ బలమంతా మారకపోవడంలోనే ఉంది.

కామెంట్: అన్నా మా దిక్కు దరువు అంటే డప్పు మీద కొట్టేదే. పెండ్లికి ఒక దరువు, చావుకి ఒక దరువు, బోనాలకి ఇంకోటి, ఇంట్ల కూసున్నా వినంగనే తెలుస్తది బయట ఏం నడుస్తుందో. నువ్వు చెప్పే రిఫ్ గూడ గంతే కదా, రెండు సెకన్లల్ల ఏం పాటనో తెలుస్తది. నాకైతే మంచిగనే అనిపిస్తుంది.

కామెంట్: ఒక్క అభ్యంతరం. దరువులో లయే గానీ స్వరం ఉండదు. మీరు చెప్పిన రిఫ్‌లో స్వరాలే ప్రాణం. స గ మ, స గ మ మ, స గ మ గ స, అంతే. గాంధారం సాధారణ గాంధారం, రెండోసారి మాత్రం పై మధ్యమాన్ని, అంటే ప్రతిమధ్యమాన్ని, తాకి వెంటనే శుద్ధ మధ్యమంలోకి దిగుతాడు, వినేవాళ్ళని పట్టేసేది ఆ ఒక్క దిగుడే.

రిప్లై: అబ్బ, ఎంత బాగా చెప్పారండీ, ఇన్నేళ్ళుగా వింటున్నా అక్కడ రెండు మధ్యమాలు పక్కపక్కన ఉన్నాయని నాకు తట్టలేదు. మరి స్వరం ఉన్న దరువు లేదంటారా?

కామెంట్: ఎందుకు లేదండీ! యక్షగానాల్లో దరువు అంటే పాటే. కూచిపూడిలో పాత్ర రంగం మీదికి రాగానే ప్రవేశ దరువు ఉంటుంది, భామాకలాపంలో సత్యభామ "భామనే సత్యభామనే" అని తనెవరో చెప్పుకుంటూ వచ్చేది అదే. చిన్నప్పుడు నేర్చుకున్నాను కాబట్టి గట్టిగా చెప్పగలను, ఆ దరువుకి రాగమూ ఉంది తాళమూ ఉంది.

రిప్లై: ఇదమ్మా నాకు కావలసింది! స్మోక్ ఆన్ ద వాటర్‌లో ముందు గిటార్ ఒక్కటే వస్తుంది, తర్వాత మిగతావన్నీ ఒక్కొక్కటిగా వచ్చి చేరతాయి, అచ్చం పాత్ర ప్రవేశమే. ఇంకోటి కూడా, దరువంటే ఊరంతా వినపడాలి కదా. 1971 డిసెంబర్‌లో స్విట్జర్లాండ్‌లోని మాంట్రూలో వీళ్ళు రికార్డింగ్ చేద్దామనుకున్న కేసినో కాలిపోయింది, ఆ పొగ సరస్సు మీద పరుచుకోవడమే పాట పేరు. తర్వాత పెవిలియన్ అనే థియేటర్లో చేరి ఈ పాట ట్రాక్ వాయిస్తుంటే చప్పుడు భరించలేక జనం కంప్లెయింట్ ఇచ్చారు, పోలీసులొచ్చి బయట తలుపులు బాదుతుంటే లోపల టేక్ పూర్తి చేశారు. మిగతా ఆల్బమ్ చలికాలం మూసేసిన ఓ హోటల్ వరండాలో పరుపులు అడ్డం పెట్టుకుని చేశారు.

కామెంట్: అయితే అదే ఆల్బమ్‌లో లేజీ పాటకి ఏమంటావన్నా, అది జాన్ లార్డ్ ఆర్గాన్‌తో ఎక్కడెక్కడికో తిరిగొస్తది కదా.

రిప్లై: ముందున్న ఆ ఆర్గాన్ భాగాన్ని దరువు అననన్నా, అది ఆలాపన. దరువు ఆ తర్వాత మొదలవుద్ది. మేనకోడలికి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పా, అందులోదే స్పేస్ ట్రకిన్ పాట దరువు నేర్పించమంటోంది.