వాడేసిన వంటనూనెతో బయోడీజిల్: సబ్బు కట్టకుండా ఎలా? (గుంటూరు, విజయవాడ)

పంపుసెట్_దుగ్గిరాల: బజ్జీ బండ్లు, టిఫిన్ సెంటర్ల దగ్గర వాడేసిన పామాయిల్ 50 లీటర్ల దాకా పోగవుతోంది. 5 హెచ్‌పీ డీజిల్ ఇంజనుకి బయోడీజిల్ చేద్దామంటే సబ్బు కట్టిపోతుందని అందరూ భయపెడుతున్నారు. కొలతలు తెలిసినవాళ్లు చెప్పండి.

గుంటూరు_ల్యాబ్: సబ్బు కట్టేది రెండింటి వల్ల: నూనెలోని నీళ్లు, నూనెలో పుట్టిన ఆమ్లం. బజ్జీల నూనెలో రెండూ దండిగా ఉంటాయి, పిండిలోని తడంతా అందులోకే దిగుతుంది కాబట్టి. గుడ్డలో వడకట్టి, రెండ్రోజులు కదపకుండా ఉంచి, మడ్డి వదిలేసి పైనూనె తీసుకోండి. 110 డిగ్రీల దాకా కాచండి. చిటపటమంటోందంటే ఇంకా నీళ్లున్నట్టే.

ఇక ఆమ్లం ఎంతుందో కొలవాలి. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 1 గ్రాము కాస్టిక్ పొటాష్ (నూనెని బయోడీజిల్‌గా మార్చడానికి వాడే క్షారం ఇదే) కలపండి. 10 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో 1 మి.లీ. నూనె, రెండు చుక్కలు ఫినాఫ్తలీన్ (ఆమ్లం తీరిపోగానే రంగు మారే ద్రావణం) వేసి, సిరంజితో ఆ ద్రావణాన్ని చుక్కచుక్కగా వదలండి. గులాబీ రంగు 15 సెకన్లు నిలిస్తే ఆపేయాలి. 3 మి.లీ. పట్టిందనుకోండి, లీటరు నూనెకి 3 గ్రాములు అదనం. ఆమ్లం లేని నూనెకైనా లీటరుకి పట్టే మూల కొలత, 85 శాతం స్వచ్ఛత ఉన్న పొటాష్ అయితే, 5.8 గ్రాములు. మొత్తం 8.8. అంటే 50 లీటర్లకి 440 గ్రాములు. నూనెతో కలిసి బయోడీజిల్‌గా మారే ఆల్కహాల్, అంటే మిథనాల్, 10-11 లీటర్లు. పొటాష్ డబ్బా మూత తెరిచి ఉంచితే మన ఉక్కపోతకి చెమ్మ లాగేసి తూకం తప్పుతుంది.

తెనాలి_కుర్రాడు: ఫినాఫ్తలీన్ దొరక్కపోతే పసుపు సరిపోతుందా అండీ?

గుంటూరు_ల్యాబ్: సరిపోతుంది. ఆల్కహాల్‌లో నానబెట్టి వడకట్టండి, ఎర్రబడగానే ఆపండి. నల్లగా మాడిన నూనెలో మాత్రం రంగు తేలదు. నూనె వేయకముందు ఒట్టి ఆల్కహాల్‌కి ఆ ద్రావణం ఎన్ని మి.లీ. పడుతుందో చూసి ఆ లెక్క తీసేయడం మరవద్దు. 6 మి.లీ. దాటితే ఆ నూనె జోలికి పోకపోవడమే మేలు.

ఆటోనగర్_ఫిట్టర్: అల్యూమినియం గిన్నె వాడొద్దు. కాస్టిక్ దాన్ని తినేసి హైడ్రోజన్ వదులుతుంది. మంచి ఇనుప డ్రమ్ము చాలు. పొటాష్‌ని ముందు మిథనాల్‌లో పూర్తిగా కరిగించి, 55 డిగ్రీల నూనెలో పోసి గంటసేపు కలపండి. అంతకు మించి వేడి వద్దు, మిథనాల్ 65కే మరిగిపోతుంది. దానికి నిప్పంటుకుంటే పగటిపూట మంట కంటికి ఆనదు, మిథనాల్ చర్మం గుండా కూడా ఒంట్లోకి దిగుతుంది. ఆరుబయట, గ్లౌజులతోనే చేయాలి.

రాత్రంతా వదిలేస్తే గ్లిజరిన్ అడుగుకి చేరుతుంది. అందులో మిథనాల్ ఉంటుంది, మురుగుకాల్వలో పోయకండి. పరీక్షకి 27 మి.లీ. మిథనాల్‌లో 3 మి.లీ. బయోడీజిల్ వేయండి. పూర్తిగా కలిసిపోతే సరే, అడుగున నూనె చుక్క కనిపిస్తే మళ్లీ కొంచెం మిథనాల్, పొటాష్ కలిపి తిప్పాలి. తర్వాత నీళ్లతో కడగాలి. మొదటిసారి పైనుంచి సన్నగా చల్లండి. గిలకొట్టారా, పెరుగులా అయిపోయి విడిపోదు.

బెంజిసర్కిల్: చమురు తగ్గిపోతే దేశమంతా దీంతో నెట్టుకు రావచ్చా?

నూజివీడు_అగ్రి: కుదరదు. మనం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతే. 2009 విధానం 2017కల్లా 20 శాతం జీవ ఇంధనం కలపాలంది. అడవి ఆముదం బీడు నేలల్లో నీళ్లు లేకపోయినా కాస్తుందని నమ్మారు, కాయలేదు. 2018 విధానం బయోడీజిల్ లక్ష్యం 2030కి 5 శాతమే. వాడేసిన నూనె డీజిల్‌కి బదులు కాలేదు. కానీ పదేపదే కాచడంతో పుట్టే పోలార్ పదార్థాలు 25 శాతం దాటిన నూనె మళ్లీ మూకుట్లోకి పోకుండా ఈ పని ఆపుతుంది, నా లెక్కలో అదే పెద్ద లాభం.

పంపుసెట్_దుగ్గిరాల: సరే అండీ. ఇంజనుకి ఏమన్నా అవుతుందా?

ఆటోనగర్_ఫిట్టర్: ముందు డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్ కలిపి మొదలుపెట్టండి. పాత ట్యాంకులోని జిడ్డంతా వదిలి ఫిల్టర్ మూసుకుపోతుంది, అందుకని అదనంగా రెండు ఫిల్టర్లు దగ్గర పెట్టుకోండి. మామూలు రబ్బరు పైపు ఉబ్బి కారుతుంది, విటాన్ (ఇంధనానికి ఉబ్బని రబ్బరు) పైపు వేయించండి. పామాయిల్ బయోడీజిల్ 15 డిగ్రీల దగ్గర మసకబారుతుంది, డిసెంబరు తెల్లవారుజామున ఎక్కువ డీజిల్ కలపాలి. కొత్త బీఎస్-6 బళ్లలో పోయొద్దు, ఇంజన్ ఆయిల్‌లోకి దిగి పల్చబరుస్తుంది.