చర్చ: ఏజెంట్ కావాలనుకునేవాళ్లకు లైవ్ ఆన్‌లైన్ క్లాసులు సరిపోతాయా?

ఉప్పల్ కుర్రాడు
బీకాం అయింది, ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నా. పక్కన రియల్ ఎస్టేట్ ఏజెంట్‌గా మొదలుపెట్టాలని ఉంది. రాత్రి జూమ్‌లో లైవ్ క్లాసులంటూ వాట్సాప్‌లో రోజూ మెసేజ్‌లొస్తున్నాయి. మా బాబాయిది చాలా ఏళ్లుగా ఇదే పని. "క్లాసులెందుకురా, ఆరు నెలలు నా బండెనక తిరుగు" అంటున్నాడు. ఏది నయం?

కీసర రోడ్డు
మీ బాబాయి మాటే కరెక్ట్. లేఅవుట్ కాపీలో 30 అడుగుల రోడ్డుంటుంది, అక్కడికెళ్తే పక్క రైతు కడీలు పాతి ఉంటాడు. పార్టీని కారెక్కించుకుని వెంచర్‌కి తీసుకెళ్తే, "ఇది చెరువు బఫర్‌లో ఉందంట కదా సార్" అని టీ కొట్టాయన అనేస్తాడు (బఫర్ అంటే చెరువు చుట్టూ ఇళ్లు కట్టకూడని జాగా). ఇవన్నీ జూమ్‌లో ఎవరు చూపిస్తారు? ఆ క్లాసులు చెప్పేవాళ్లలో సగం మంది ఒక్క రిజిస్ట్రేషన్ కూడా దగ్గరుండి చేయించి ఉండరు.

లింక్ డాక్యుమెంట్
అన్నా, బఫర్ సంగతి టీ కొట్టు దగ్గర తెలిసిందంటే ఏజెంట్ ఇంట్లో చూసుకోకుండా బయల్దేరాడన్నమాట. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) చెరువుల మ్యాపులు నెట్‌లోనే ఉన్నాయి. ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తనఖాల రికార్డు) కూడా అంతే, 22ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల లిస్టు) కూడా అంతే. సాగు భూమి అయితే రికార్డులకు భూభారతి పోర్టల్ ఉంది (2025లో ధరణి పోయి ఇది వచ్చింది, మన పాత మధ్యవర్తులు ఇంకా ధరణి అనే అంటారు). పనిలో సగం స్క్రీన్ మీదే జరుగుతున్నప్పుడు, దాన్ని స్క్రీన్ మీద నేర్చుకుంటే తప్పేముంది?

లైవ్‌లో ఉన్న లాభం వేరే. మాస్టారు ఒక ఈసీ తెరిచి చూపిస్తుంటే, "ఇక్కడ బ్యాంకు తనఖా కనిపిస్తోంది, అది తీరినట్టు కాగితం ఏది?" అని మధ్యలో ఆపి అడగొచ్చు. యూట్యూబ్ వీడియోని అడగలేం.

బండెనక తిరిగితే ఎవరు కొంటారో, ఎవరు ఉత్తినే చూసిపోతారో తెలుస్తుంది. అదీ కావాలి. కానీ 1977 నాటి అసైన్డ్ భూముల (సర్కారు పేదలకిచ్చిన భూముల) అమ్మకాన్ని నిషేధించే చట్టం గురించి అడిగితే సరిగ్గా చెప్పే సీనియర్లు ఎంతమంది? "సాదాబైనామా ఉందిగా, ఏం కాదు" అని (రిజిస్టర్ కాని, తెల్లకాగితం మీది అమ్మకం చూపించి) కొనిపించి, తర్వాత ఫోనెత్తనివాళ్లను చూశా.

పుణె తెలుగు
మహారాష్ట్రలో 2023 నుంచి ఏజెంట్లకు 20 గంటల శిక్షణ, పరీక్ష తప్పనిసరి చేశారు. పాతవాళ్లకూ మినహాయింపు లేదు. తెలంగాణలో మాత్రం పదివేలు ఫీజు కట్టి కాగితాలిస్తే ఐదేళ్లు చెల్లే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) ఏజెంట్ నంబరు వచ్చేస్తుంది. ముందు అది మారాలి.

కీసర రోడ్డు
అక్కడ మొదటి పరీక్షలోనే నూటికి 96 మంది పాసయ్యారు. ఇంక వడపోత ఎక్కడుంది?

పుణె తెలుగు
పాస్ కావడానికైనా చట్టం ఒకసారి చదివారు కదండీ. రెరాలో రిజిస్టర్ చేయాల్సిన ప్రాజెక్టును, ఆ ప్రాజెక్టుకు రెరా నంబరు రాకుండానే ఏజెంట్ అమ్మిపెడితే, రోజుకు పదివేల చొప్పున ఆ ఆస్తి ఖరీదులో 5 శాతం దాకా జరిమానా పడొచ్చు. ప్రీలాంచ్ (అనుమతులు రాకముందే అమ్మే) ఆఫర్ అంటూ స్టేటస్‌లు పెట్టేవాళ్లలో ఈ సంగతి ఎంతమందికి తెలుసు?

విజయవాడ వాణి
బండెనక తిరగమని అబ్బాయిలకు చెప్పడం తేలికే. నాకు బాబాయీ లేడు, సాయంత్రాలు పిల్లల్ని వదిలి వెళ్లే వీలూ లేదు. ఆన్‌లైన్ లేకపోతే ఈ పని జోలికే వచ్చేదాన్ని కాదు.

అయితే నేను చేరిన మొదటి క్లాసు దండగ. చాట్ బంద్, అందరి మైకులూ మ్యూట్. రెరా గురించి పావుగంట చెప్పి, ఆ తర్వాతంతా "మీ కింద నలుగుర్ని చేర్చండి, మార్కెటింగ్ డైరెక్టర్ అవ్వండి, మన వెంచర్‌లో ముందు మీరో ప్లాట్ బుక్ చేయండి." నేర్పేవాడే అమ్మేవాడైతే ఇంతే. రెండోది రిటైరైన సబ్‌ రిజిస్ట్రార్ ఒకాయన చెప్పారు. ఇరవై మందికి మించి చేర్చుకోరు. మా సొంతింటి ఈసీ తీసి, లింక్ డాక్యుమెంట్లతో (అంతకుముందు చేతులు మారినప్పటి పాత దస్తావేజులతో) సరిపోల్చుకు రమ్మన్నారు. మా ఇంటి హద్దుల్లోనే ఒక తేడా బయటపడింది, మా అత్తగారికి ఇంకా ఆ టెన్షన్ తగ్గలేదు.

ఉప్పల్ తమ్ముడూ, డబ్బు కట్టేముందు వాళ్లు ఏ వెంచర్ అమ్ముతున్నారో, దాని రెరా నంబరేంటో అడుగు.

కీసర రోడ్డు
వాణి గారూ, ఆ రెండో రకం క్లాసుకు నేనూ అడ్డు చెప్పను. ఆ రకం వాట్సాప్‌లో రాదు, అదే నా బాధ.

ఉప్పల్ కుర్రాడు
అక్కా, ఇప్పుడే మెసేజ్ పెట్టా. "రెరా నంబర్ క్లాసులో చెప్తాం సార్, ముందు సీట్ బ్లాక్ చేసుకోండి" అన్నారు.

కీసర రోడ్డు
చెప్పరు.